ఎం-సిరీస్ మ్యాక్‌లో విండోస్: ముందు డ్రైవర్ల సంగతి చూసుకోండి

ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ఉండేది. డిస్కును రెండు భాగాలు చేసి ఒకదాంట్లో విండోస్ వేసుకుంటే సరిపోయేది. 2020 నవంబరులో ఆపిల్ సొంత చిప్ ఎం1తో మ్యాక్‌లు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఈ చిప్‌లు ఆర్మ్ రకానివి. ఇంటెల్ కోసం తయారైన విండోస్ వీటి మీద నేరుగా నడవదు. ఆర్మ్ చిప్‌ల కోసం తయారైన విండోస్ 11ను వర్చువల్ మెషీన్‌లో, అంటే మ్యాక్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో, నడుపుకోవాలి. అందుకు ప్యారలల్స్, యూటీఎం అనే యాప్‌లున్నాయి.

ప్యారలల్స్‌కు డబ్బు కట్టాలి, కానీ పనంతా అదే చేసిపెడుతుంది. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దానికి అధికారికంగా ఆమోదం తెలిపింది. యూటీఎం ఉచితం. విండోస్ లైసెన్స్ ఎలాగూ విడిగా కొనాల్సిందే.

యూటీఎం అయితే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆర్మ్64 ఐఎస్ఓనే (విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దించుకోండి. కొత్త మెషీన్ పెట్టేటప్పుడు 'వర్చువలైజ్' ఎంచుకోవాలి. 'ఎమ్యులేట్' నొక్కితే ప్రాసెసర్ పనంతా సాఫ్ట్‌వేర్ మీద పడి నత్తనడక నడుస్తుంది. 16 జీబీ మ్యాక్‌లో విండోస్‌కు 8 జీబీ ర్యామ్, 4 కోర్లు, 64 జీబీ డిస్కు ఇవ్వండి. 8 జీబీ మ్యాక్‌లో 4 జీబీ దాటొద్దు. దాటితే మ్యాక్‌ఓఎస్ ర్యామ్ చాలక డిస్కును వాడుకుంటూ (స్వాప్) రెండూ ఈడుస్తాయి. స్పైస్ టూల్స్ (విండోస్ కోసం యూటీఎం ఇచ్చే సహాయక ప్రోగ్రామ్‌లు) టిక్ తీసేయకండి. నెట్‌వర్క్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) అందులోనే ఉంటుంది, అది లేకపోతే సెటప్ ఇంటర్నెట్ దగ్గర ఆగిపోతుంది. 'ప్రెస్ ఎనీ కీ' అని కనిపించగానే ఏదో ఒక కీ నొక్కాలి. తప్పిపోతే నల్ల తెర మీద షెల్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) వస్తుంది. మెషీన్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఇంటెల్ యాప్‌లను ఆర్మ్ విండోస్ తనే అనువదించుకుని నడుపుతుంది. ఆఫీసు, అకౌంట్ల పనులకు ఆ వేగం చాలు. డ్రైవర్లకు మాత్రం ఆ వసతి లేదు. అవి కెర్నెల్‌లో, అంటే విండోస్ మూలభాగంలో, నడుస్తాయి కాబట్టి ఆర్మ్64 కోసమే రాసినవై ఉండాలి. పాత ప్రింటర్లు, జీఎస్‌టీ రిటర్నులకు వాడే డిజిటల్ సంతకం టోకెన్లు మొండికేసేది ఇక్కడే. టోకెన్‌కు మ్యాక్ డ్రైవర్ దొరికితే సంతకాల పని మ్యాక్ వైపే చేసుకోవడం మేలు. కెర్నెల్ స్థాయి యాంటీ-చీట్ (మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) ఉన్న ఆటల మీద ఆశ పెట్టుకోకండి. ఎం1, ఎం2ల్లో డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయం) కూడా నడవదు, డబ్ల్యూఎస్ఎల్ 1తో సరిపెట్టుకోవాలి.

లినక్స్ కావాలంటే మాత్రం ఎం1, ఎం2 మ్యాక్‌ల మీద ఫెడోరా అసాహీ రీమిక్స్ అనే లినక్స్ నేరుగా బూట్ అవుతుంది, వర్చువల్ మెషీన్ అక్కర్లేదు.

ప్యారలల్స్‌కు 14 రోజుల ట్రయల్ ఉంది. డబ్బు కట్టకముందే మీ ప్రింటర్, టోకెన్, స్కానర్ ఒక్కొక్కటే తగిలించి చూసుకోండి.