పోర్ట్‌ల్యాండ్ తిరునాళ్లలో ఒంటిచక్రం ట్రాక్టర్లు

మా మామయ్యగారు నయాగరా ముందు ఐదు నిమిషాలు నిలబడి "బాగుందమ్మా" అన్నారు. అంతే. టంగుటూరు దగ్గర జీవితమంతా పొగాకు పండించిన మనిషికి ఒహాయోలోని కొలంబస్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ ఎంతకని పొద్దుపోతుంది? ఏటా ఆగస్టు చివర్లో ఇండియానాలోని పోర్ట్‌ల్యాండ్‌లో పాత ఇంజన్లు, ట్రాక్టర్ల ప్రదర్శన జరుగుతుందని విని, ఆయన్ని కారెక్కించుకుని పొద్దున్నే బయల్దేరాను.

33వ నంబరు హైవే మీద వెళ్తుంటే దారిలో వాపకొనెటా వస్తుంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిపెరిగిన ప్రాంతం, ఆయన పేరిట మ్యూజియం కూడా ఉంది. ఆగుదామా అంటే "ముందు ట్రాక్టర్లు, తర్వాతే చందమామ" అన్నారు. సెయింట్ మేరీస్ దాటాక పక్కన సముద్రంలా నీళ్లు. మయామీ-ఈరీ కాలువకు నీళ్లివ్వడానికి 1837, 1845 మధ్య కట్టిన చెరువది, పదమూడు వేల ఎకరాల పైమాటే. యంత్రాలు లేని రోజుల్లో కూలీలు పారలతో చేసిన పని అని చెబితే, అప్పటిదాకా సీటులో వెనక్కి వాలి ఉన్నాయన లేచి కూర్చుని "మన కంభం చెరువు కంటే పెద్దదా?" అని అడిగారు. ఆ పోలిక తేల్చేలోపే ఒహాయో దాటేశాం.

పోర్ట్‌ల్యాండ్ చిన్న ఊరు. జే కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ప్రదర్శన. గేటు దగ్గరికి రాకముందే చప్పుడు వినిపిస్తుంది. పాతకాలం ఇంజన్లు ఒకసారి "టప్" మని పేలి, లోడు లేకపోతే మళ్లీ పేలకుండా ఫుస్ ఫుస్ మంటూ ఊరికే తిరుగుతాయి, వేగం తగ్గాక మళ్లీ "టప్". వందల ఇంజన్లు ఎవరి తాళం వాళ్లదే అన్నట్టు కొడుతుంటే నాకు తలనొప్పి మొదలైంది. మామయ్యగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

పెద్ద ట్రాక్టర్లను ఆయన చకచకా దాటేశారు. ఆయన కాళ్లు ఆగింది నడుస్తూ తోలే చిన్న ట్రాక్టర్ల వరసలో, ఒక ఒంటిచక్రం బండి ముందు. పేరు చోర్‌మాస్టర్. సిన్సినాటీలో లేత్ మిషన్లు చేసే లాడ్జ్ అండ్ షిప్లీ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెరటితోటల కోసం తయారుచేసింది. ముందు ఒకే రబ్బరు టైరు, దాని మీద చిన్న పెట్రోలు ఇంజన్, వెనక్కి చాచిన రెండు పిడులు. వెనక గొర్రు పళ్లు బిగించుకోవచ్చు, గడ్డి కోసే కత్తి తగిలించుకోవచ్చు, చలికాలంలో మంచు తోసే రేకు పెట్టుకోవచ్చు. ఈ బండికి రంగు వెలిసిపోయి, పిడుల చివర రబ్బరు అరిగి, లోపలి ఇనుము చేతుల రాపిడికి నున్నగా మెరుస్తోంది. పక్కనే కొత్త పెయింటుతో తళతళలాడే బళ్లు చాలా ఉన్నాయి, నాకైతే ఇదే నచ్చింది.

యజమాని ఒక పెద్దాయన. కప్పీ గాడిలో తాడు చుట్టి ఒక్క లాగు లాగాడు. రెండోసారికి అందుకుంది. నేల మీద కాస్త దూరం నడిపి, పట్టుకోండి అన్నట్టు మామయ్యకు సైగ చేశాడు.

"అమ్మాయ్, ఇది మేడే" అన్నారు మామయ్య పిడులు పట్టుకోగానే. నాగలి మేడి ఎలా పడతారో అలాగే పట్టారు. రెండు చక్రాల బండయితే వదిలేసినా నిలబడుతుంది. ఇది అలా కాదు. ఎడమకు వాలితే మనమే కుడికి లాగాలి, గొర్రు పైకి లేస్తే మనమే నొక్కాలి. కూలబడకుండా ఉండటం ఇంజన్ పని కాదు, మనిషి పని. మరి అంత తిప్పలు ఎందుకు పెట్టారంటే, సాళ్ల మధ్య సందులో ఒక్క చక్రమే సులువుగా పోతుంది. బరువంతా దాని మీదే పడటం వల్ల పట్టు ఉంటుంది. మలుపులో రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగాల్సిన గొడవే లేదు కాబట్టి ఆ తేడా సర్దే గేర్ల, అంటే డిఫరెన్షియల్, ఖర్చూ లేదు. సాలు చివర పిడులు ఎత్తి గిర్రున తిప్పేయడమే.

ఇంకాస్త ముందుకెళ్తే వీటికి పెద్దన్న కనిపించింది, గ్రేవ్లీ మోడల్ డి. ఇదీ ఒంటిచక్రమే. రెండున్నర హార్స్‌పవర్. దీన్ని కనిపెట్టిన బెంజమిన్ గ్రేవ్లీ ఇంజనీరు కాదు, వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్‌లో ఫోటో స్టూడియో నడిపేవాడు. పెరటి పని తేలిక చేసుకుందామని పాత ఇండియన్ మోటారుసైకిల్ భాగాలతో మొదటి బండి కట్టి, 1916లో పేటెంట్ తీసుకున్నాడు. 1920ల్లో డన్‌బార్‌లో ఫ్యాక్టరీ పెట్టి వీటిని అమ్మాడు. రెండు చక్రాల మోడల్ ఎల్ ఆ తర్వాత, 1930ల్లో వచ్చింది. గ్రేవ్లీ పుట్టింది వర్జీనియాలో, నమిలే పొగాకు తయారుచేసే కుటుంబంలో అని చెప్పగానే మామయ్య ఆగిపోయారు. "వర్జీనియానా! అయితే మనోడే." 1920ల్లో గుంటూరు ప్రాంతంలో మొదలైన వర్జీనియా పొగాకుతోనే కదా ఆయన పిల్లల చదువులు, మా ఆయన ఫీజులతో సహా, నడిచింది!

అలాగని బండికి పూర్తి మార్కులు వేయలేదు. "వానపడ్డ నల్లరేగడిలో దీన్ని దింపితే చక్రం కూరుకుపోద్ది. తియ్యడానికి మళ్లీ ఎద్దులు కావాలి" అన్నారు. దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయి, యజమాని ఆప్యాయంగా బండి తుడవడం చూసి ఊరుకున్నాను.

మధ్యాహ్నం పాతసామాన్ల సంతలో తిరిగాం. ఎండ ఎక్కువ, నీడ తక్కువ. వెళ్లేవాళ్లు టోపీ, క్యాష్ తప్పకుండా పెట్టుకోండి. అక్కడ ఇంజనే లేని ప్లానెట్ జూనియర్ చేతిగుంటక దొరికింది. ఫిలడెల్ఫియాలో ఎస్.ఎల్. ఆలెన్ కంపెనీ చేసింది. ఆలెన్ మొదట చేసిన ఎరువు చల్లే డ్రిల్లు ఆకారం వలయాలున్న శనిగ్రహాన్ని తలపించిందట, ప్లానెట్ అనే పేరు అలా వచ్చింది. మామయ్య ఫోను తీసి, పక్క ఊరి రైతు పాత సైకిల్ ముందు చక్రానికి గుంటక బిగించి కలుపు తీస్తున్న ఫోటో చూపించారు. అమ్మే ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోటోని పెద్దది చేసి చేసి చూశాడు. దీంతో ఎకరం చెయ్యాలంటే ఎంతసేపు పడుతుందని అడిగాడు.

"తోసేవాడి మోకాళ్లని బట్టి అని చెప్పమ్మా" అన్నారు మామయ్య.