48 గంటలు కదలని వ్యాగన్లు: నా అనుభవం

మూడేళ్ల కిందట ఒక బుధవారం మా మేనేజరు నన్ను పిలిచి, వారం నివేదిక ఇకనుంచి నేనే పంపాలన్నారు. అమెరికాలో గూడ్సు రైళ్లు నడిపే ఒక పెద్ద కంపెనీలో, డేటా విభాగంలో నా ఉద్యోగం. కంపెనీ పేరు రాయను. ఆ నివేదిక వెళ్లేది రైల్వే కంపెనీల మీద నియంత్రణ ఉన్న ప్రభుత్వ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకు. శనివారంతో మొదలై శుక్రవారం అర్ధరాత్రితో ముగిసే వారం లెక్కను తర్వాతి బుధవారం సాయంత్రం 5 గంటల్లోపు అందించాలి. ఆ 5 గంటలు కూడా తూర్పు తీరపు సమయం ప్రకారమే.

ఈ దేశంలో రైల్వే కంపెనీలు వందల్లో ఉన్నా, మొదటి తరగతి కిందకు వచ్చేవి ఇప్పుడు ఆరే. 2019 నాటి డాలర్ల విలువలో ఏటా 90 కోట్ల డాలర్లకు తగ్గని ఆదాయం ఉన్నవి ఈ తరగతిలోకి వస్తాయి. వీటికి లెక్కలు అప్పజెప్పే పని ఏడాది పొడవునా ఉంటుంది. మార్చి 31లోగా ఆర్-1 అనే వార్షిక నివేదిక, మూడు నెలలకోసారి ఆదాయ వ్యయాలు, నెలనెలా సిబ్బంది సంఖ్య ఇవ్వాలి. ప్రమాదాల వివరాలు మాత్రం రైలు భద్రత చూసే ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్తాయి.

వారం నివేదిక వెనుక రైతుల కష్టం ఉంది. 2013-14 చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో రైళ్లు స్తంభించి, పండిన ధాన్యం గోదాముల దగ్గరే ఉండిపోయింది. ఎక్కడ ఎన్ని బండ్లు ఆగాయో చెప్పే లెక్క ప్రజల ముందు లేదు. దాంతో 2014 అక్టోబరులో బోర్డు ప్రతి వారం వివరాలు ఇవ్వాలని ఆదేశించింది. 2016 చివర్లో దాన్ని శాశ్వత నియమం చేసింది, 2017 మార్చి నుంచి అది అమలవుతోంది. ఈ చరిత్ర చదివాకే ఆ పని మీద నాకు మనసు పడింది.

రైళ్ల సగటు వేగం, పది పెద్ద టెర్మినళ్లలో వ్యాగన్లు నిలిచే సమయం, రాష్ట్రాలవారీగా నింపిన ధాన్యం వ్యాగన్లు వంటి అంశాలు నెల తిరిగేసరికి చేతికొచ్చాయి. నన్ను నిద్రపోనివ్వనిది ఒక్కటే: 48 గంటలు, అంతకు మించి కదలని వ్యాగన్ల సంఖ్య. రోజూ ఒకే వేళకు దేశమంతటా ఉన్న మా వ్యాగన్లను లెక్కబెట్టి, ఏడు రోజుల సగటు కట్టాలి. నిండినవి, ఖాళీవి వేర్వేరుగా చూపాలి. బొగ్గు, ధాన్యం, ముడి చమురు, ఇథనాల్ వంటి రకాలవారీగానూ విడదీయాలి. అయితే కొన్నింటిని లెక్కలోంచి తీసేయాలి. ఖాతాదారు స్థలంలో పెట్టినవి, మరో రైల్వేకు అప్పగించడానికి పెట్టినవి, మరమ్మతుకు ఆపినవి, నిల్వలో ఉన్నవి, కంకర మోసే సొంత వ్యాగన్లు లెక్కలోకి రావు. 'కన్‌స్ట్రక్టివ్ ప్లేస్‌మెంట్'లో ఉన్నవీ రావు.

ఈ చివరి మాట నాకు ఎంతకీ అర్థం కాక నాన్నకు ఫోను చేశాను. బెజవాడ గూడ్సు ఆఫీసులో చాలా ఏళ్లు చేసి రిటైరైన మనిషి.

"పార్టీ సైడింగులో చోటు లేదనుకో, బండి మన దగ్గరే ఆగుతుంది. కానీ పెట్టినట్టే లెక్క, డెమరేజ్ పార్టీకి పడుతుంది. అంతే కదమ్మా" అన్నారు. ఆయన భాషలో పార్టీ అంటే ఖాతాదారు, సైడింగు అంటే వాళ్ల స్థలంలోని పట్టాలు, డెమరేజ్ అంటే బండిని ఆపి ఉంచినందుకు పడే రుసుము. మరమ్మతు బండ్ల గురించి చెబితే, "సిక్ వ్యాగన్లు" అని వెంటనే పేరు పెట్టారు. కాసేపాగి అడిగారు: "బండి వచ్చిందని పార్టీకి కబురు పెట్టినట్టు కాగితం ఉందా?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. తీసేసిన ప్రతి వ్యాగన్‌కూ ఆధారం వెతకడం మొదలుపెట్టాను. ఖాతాదారుకు నోటీసు వెళ్లిన సమయం, మరమ్మతు నమోదు, అవతలి రైల్వేకు పెట్టిన నమోదు చూడసాగాను.

మొదట బయటపడింది గడియారం తప్పు. వ్యాగన్ ఆగిన సమయం స్థానిక కాలమానంలో, మేము లెక్కబెట్టే సమయం సెంట్రల్ కాలమానంలో ఉన్నాయి. మౌంటెన్ కాలమానంలో 47 గంటలు ఆగిన బండి 48 అయినట్టు కనిపించేది. అది దిద్దితే మా అంకె తగ్గింది, అందరూ సంతోషించారు.

రెండోది అలా కాదు. అయోవాలోని ఒక యార్డులో మొక్కజొన్న నిండిన హాపర్ వ్యాగన్ ఒకటి. దాని నమోదులో శనివారం తెల్లవారుజామున 2:10కి యార్డులోకి వచ్చినట్టు ఒక్క వరుస ఉంది, ఆ తర్వాత గురువారం దాకా ఏమీ లేదు. అయినా మా జాబితాలో అది లేదు! షికాగోలో మరో రైల్వేకు అప్పగించాల్సిన బండి కనుక, అప్పగింతకు పెట్టినట్టే మా పాత ప్రోగ్రాం తీసేసింది. కానీ అది షికాగో చేరలేదు, మా రైలు కోసమే ఎదురుచూస్తోంది. అలాంటివి ఇంకా ఎన్నో దొరికాయి.

ఇది దిద్దితే అంకె పెరుగుతుంది. "ఇన్నాళ్లూ ఇలాగే పంపాం కదా" అన్నవారు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పగింతకు పెట్టడం వేరు, అప్పగించాలని అనుకోవడం వేరు. ఆ బండిలో ఉన్నది ఎవరో అమ్ముకున్న పంట, అవతల ఎవరో కొనుక్కున్న మేత. అది ఆగిందని చెప్పడానికే ఈ నివేదిక పెట్టారు. మా మేనేజరు నా మాట కొట్టిపారేయకుండా, ఒక్కో బండికీ ఆధారం చూపమన్నారు. మూడు వారాలు పట్టింది. ఇద్దరం కూర్చుని వరుసవరుసా చూశాం. చివరికి న్యాయ విభాగం కూడా సవరణ పంపాల్సిందేనంది.

ఆ బుధవారం ధాన్యం గడిలో అంకె పెరిగింది. ఎందుకు పెరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి, పాత వారాల సవరించిన లెక్కలు జతచేసి, గడువుకు అరగంట ముందే పంపేశాను. రెండు రోజులకు బోర్డు సిబ్బంది నుంచి ఫోను వచ్చింది. ఈ పొరపాటు ఏ వారం నుంచి ఉందని అడిగారు. ఆ తేదీ నా ముందున్న కాగితం మీదే ఉంది, చదివి వినిపించాను.