జేబులో పొట్లం లేని రాత్రి

"నీకు వినుడు ఎక్కువ బిడ్డా, చేసుడు తక్కువ" అంది అత్తమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

కాదనలేకపోయాను. మూడేళ్లుగా పొద్దున నడకకు వెళ్లినప్పుడల్లా చెవుల్లో ప్రవచనాలు మోగుతూనే ఉంటాయి. గీత మీద ఒకరివి, ఉపనిషత్తుల మీద ఇంకొకరివి, మధ్యలో ఒక పాస్టరు గారివి కూడా. దారులు వేరైనా చివరికొచ్చేసరికి అందరూ ఇంచుమించు ఒకటే చెబుతారు. దేవుడు చెప్పినట్టు నడువు, వెలుగు దానంతట అదే కనబడుతుంది అని. వింటాను, బాగుందనుకుంటాను, ఇంటికొచ్చి పెదవి కింద తంబాకు పెట్టుకుని పేపరు తెరుస్తాను. ఇరవై రెండేళ్ల అలవాటు. మా ఆవిడ పోట్లాడి పోట్లాడి మానేసింది.

జనవరిలో రెండు రోజులు సెలవు దొరికితే నిజామాబాద్ నుంచి ధర్మాబాద్ వెళ్లాను, ఏడాదికి సరిపడా కారం పట్టించుకుందామని. బాసర తర్వాత స్టేషనే. రాష్ట్రం మారుతుంది కానీ భాష మారదు. అక్కడి మిర్చి బజారులో ఒకే మాట తెలుగులో మొదలై మరాఠీలో ముగుస్తుంది. నేను దిగేసరికి అత్తమ్మ సంచి సర్దుకుని కూర్చుంది.

"కారం ఎల్లుండి పట్టిస్త. రేపు నాందేడ్ పోదాం పా."

నాందేడ్ అంటే అత్తమ్మకు సిక్కుల గురుద్వారా. మామయ్య బతికున్న రోజుల్లో మా మిర్చి బస్తాలు ఒక సర్దార్ లారీలో వెళ్లేవి. ఆయనే ఓసారి ఇద్దరినీ తీసుకెళ్లాడట. అప్పటి నుంచి ఏడాదికోసారి వెళ్లి, ఒక రోజంతా రొట్టెలు ఒత్తి వస్తుంది. ఇంట్లో బోనం ఎత్తడం మానలేదు, శనివారం ఒక్కపొద్దు మానలేదు. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని అడిగితే, "అక్కడ పని చెప్తరు, జేస్త. ఇక్కడా అంతే గదా" అంది. అంతకన్నా వివరణ ఆమె దగ్గర ఎప్పుడూ దొరకలేదు.

పొద్దున రైల్లో కిటికీ పక్కన కూర్చుని బాబ్లీ గురించి మొదలుపెట్టాను. ఊరికి దగ్గర్లోనే గోదావరి మీద పద్నాలుగు గేట్ల బ్యారేజీ. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఏటా జూలై 1న గేట్లు ఎత్తుతారు, అక్టోబర్ 28 దాకా దించరు. ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర అధికారులు దగ్గరుండి చూస్తారు. నేను టీఎంసీల లెక్కల్లోకి వెళ్తుంటే అత్తమ్మ ఆపేసింది. "కోర్టు హుకుం వస్తె గేట్లే లేస్తున్నయ్. నీ పెదవి కింద ఉన్నది తియ్యనీకి ఎవల హుకుం రావాలె?" ఎదురుగా కూర్చున్న మరాఠీ ముసలాయనకు తెలుగు ఎంత వచ్చో తెలియదు కానీ పకపకా నవ్వాడు.

ఉమ్రి, ముద్ఖేడ్ దాటి నాందేడ్‌లో దిగాం. గురుద్వారా దారిలో టీ కొట్టు దగ్గర అత్తమ్మ ఆగింది. లోపలికి తంబాకు తీసుకుపోకూడదు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ నా మనసులో ఉన్న ఏర్పాటు వేరు. పొట్లాన్ని అత్తమ్మ సంచి అడుగున పెట్టి, రాత్రికి బయటికొచ్చి వేసుకోవచ్చని. నా చూపు సంచి మీదికి పోవడం ఆమె పసిగట్టింది. ఏమీ అనలేదు, సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. పొట్లం తీసి టీ కొట్టు బల్ల మీద పెట్టాను. "రేపు తీసుకుంటా" అన్నాను హిందీలో, తాళంచెవి అప్పగించినట్టు. కొట్టాయన దాన్ని చక్కెర డబ్బా వెనక్కి తోశాడు.

నోరు పుక్కిలించి, కాళ్లు కడుక్కుని, డబ్బాలోంచి ఒక కాషాయ రుమాలు తీసి తలకు కట్టుకున్నాను. ఎవరూ ఎవరినీ అదిలించడం లేదు. అందరూ ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు.

అత్తమ్మ రొట్టెల వైపు వెళ్లిపోయింది. నేను లంగర్‌లో, అందరికీ ఉచితంగా పెట్టే భోజనాల పంక్తిలో కూర్చున్నాను. పప్పు వేశారు, కూర వేశారు. రొట్టెల బుట్ట పట్టుకుని వచ్చిన కుర్రాడు నా ముందు ఆగాడు. కుడిచెయ్యి చాపాను. ఇవ్వలేదు. పళ్లెం జరిపాను. అయినా ఇవ్వలేదు, అలాగే నిలబడ్డాడు. నాకు చిరాకు వేసింది. పక్కనున్న తెల్లగడ్డం సర్దార్‌జీ అచ్చ తెలుగులో అన్నాడు: "రెండు చేతులూ పట్టాలె సార్."

"ఎందుకండీ?"

"ముందు పట్టండి. రొట్టె చల్లారుతది."

పట్టాను. కాలుతున్న రొట్టె పడింది.

తిన్నాక ఇద్దరం గిన్నెలు తోమే తొట్ల దగ్గరికి వెళ్లాం. ఆయనది హైదరాబాద్, సిక్ ఛావ్నీ. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832 ప్రాంతంలో, పంజాబ్ నుంచి నిజాం కొలువుకు పంపిన సిక్కు ఫౌజు వంశం వాళ్లది. ఇక్కడి తఖ్త్, అంటే సిక్కుల ముఖ్యపీఠం, ఆ కట్టడం కూడా ఆ రంజిత్ సింగ్ కట్టించిందే, 1832 నుంచి 1837 దాకా. "మేం ఇద్దరం ఒకటేసారి దక్కన్‌కు వచ్చినం" అన్నాడు, గోపురం వైపు చూపించి. ఇరవై ఏళ్లుగా నెలకోసారి వచ్చి గిన్నెలు తోముతున్నాడట. బూడిద పూసి రుద్దడంలో నాకు రెండు సవరణలు చెప్పాడు.

హుకుం అనే మాట అక్కడ అడుగడుగునా వినబడుతోంది. అది నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. మా దిక్కు హుకుం అంటే దొరది, అమీనుది, గడీ ముందు చేతులు కట్టుకుని వినేది. మా తాత కథల్లో ఆ మాట వచ్చిందంటే తర్వాత ఎవరో ఏడుస్తారు. అదే చెప్పాను.

"మీ తెలుగులోనే ఉన్నది కద సార్, శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని."

"అది చీమ కుట్టాక అనుకునే మాటండీ. కుట్టకముందు ఏం చెయ్యాలో అది చెప్పదు."

ఆయన నవ్వి గిన్నె పక్కన పెట్టాడు. గురునానక్ మొట్టమొదట వేసుకున్న ప్రశ్నే అదన్నాడు. మనిషి సత్యవంతుడు ఎట్ల కావాలె, అబద్ధపు గోడ ఎట్ల కూలాలె? లక్షసార్లు ఆలోచించినా ఆలోచనతో అందదు, మౌనంగా కూర్చున్నా అందదు, వెయ్యి తెలివితేటలుంటే ఒక్కటీ వెంట రాదు. హుకుం ప్రకారం నడవాలె, అంతే. ఆ హుకుం ఎక్కడో లేదు, నీతోపాటే రాసి ఉన్నది. ఇక చెయ్యాల్సినవి మూడు: నామం తలచుకో, కష్టపడి సంపాదించు, పంచుకుని తిను. లక్షసార్లు ఆలోచించినా అన్నచోట ఆయన నన్ను చూడలేదు, నేనే గిన్నె వైపు చూశాను.

తర్వాత పంజాబ్‌లోని ఆనంద్‌పూర్ కథ చెప్పాడు. 1699 బైశాఖి పండుగ రోజు సిక్కుల పదో గురువు గురుగోవింద్ సింగ్ కత్తి దూసి, ఒక తల కావాలన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురు లేచారు. అందులో సాహిబ్ సింగ్‌ది బీదర్, మంగలి కులం. హిమ్మత్ సింగ్‌ది ఒడిశా పూరీ. బీదర్ అనగానే నాకు ఆ కథ ఒక్కసారిగా దగ్గరైంది. నాందేడ్ నుంచి అదెంత దూరం!

దగ్గరైంది కానీ భయమూ వేసింది. చెప్పేశాను కూడా. తల అడిగితే లేచి నిలబడేవాళ్లను ఈ రోజుల్లో చాలామంది బాబాల చుట్టూ చూస్తున్నాం. ఆస్తులు రాసిస్తున్నారు, పిల్లల్ని వదిలేస్తున్నారు. చెప్పింది చెయ్యడమే వెలుగైతే, చెప్పేవాడు దొంగైనప్పుడు ఏమిటి?

సర్దార్‌జీకి కోపం రాలేదు. ఆ కథలో తర్వాతి ముక్క విన్నారా అన్నాడు. ఐదుగురికీ దీక్షగా అమృతం ఇచ్చాక గురువు వాళ్ల ముందే మోకరిల్లి, ఇప్పుడు మీరు నాకివ్వండి అన్నాడు. హుకుం ఇచ్చినాయన హుకుం కింద కూర్చున్నాడు. తొమ్మిదేళ్లకు, 1708 అక్టోబర్‌లో, ఈ నాందేడ్‌లోనే కత్తిపోటు గాయంతో పోయేముందు ఇంకో మాట చెప్పాడు. ఇక మీద మనిషెవడూ గురువు కాడు, గ్రంథమే గురువు. అప్పటికాయనకు నిండా నలభై రెండేళ్లు లేవు. "కుర్చీ ఖాళీ చేసి పోలేదు సార్, కుర్చీయే తీసేసి పోయిండు" అన్నాడు, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ.

దీనితో నా అనుమానం పూర్తిగా పోలేదు. గ్రంథానికి అర్థం చెప్పేది మళ్లీ మనుషులే కదా. కానీ మా తాత కథల్లోని హుకుం ఏదీ ఇలా తన కింద తానే కూర్చోలేదు.

సాయంత్రం హారతి. ఇక్కడ నేతిదీపాలతో ఇస్తారు, చాలా గురుద్వారాల్లో ఇలా ఉండదు. నానక్ పూరీ జగన్నాథుడి హారతి చూసినప్పుడు పాడాడని చెప్పే పదంలోనేమో ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, అందరిలో ఉన్న వెలుగు ఒక్కటే. మరి అంత పెద్ద దీపాలుండగా ఈ ప్రమిదలెందుకు? సర్దార్‌జీ "ఈడి పద్ధతి" అన్నాడు. అత్తమ్మ మాత్రం రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని ఉంది, పిండి ఇంకా మోచేతుల దాకా అంటుకునే ఉంది. తర్వాత గురువు ఆయుధాలు ఒక్కొక్కటే చూపించారు. జనం ఎగబడి చూస్తుంటే నా నాలుక మాత్రం కింది పెదవి వెంట ఖాళీ చోటు వెతుక్కుంటోంది.

ఆ రాత్రి యాత్రీ నివాస్‌లో నిద్ర పట్టలేదు. ఆధ్యాత్మిక కారణాలేం లేవు. తలనొప్పి, దవడ లాగడం, ఎవరిమీదో కారణం లేని కోపం. టీ కొట్టు నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. పదకొండింటికి చెప్పులు వేసుకుని మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఒంటిగంటకు మళ్లీ వెళ్లాను. ఎవరైనా వద్దంటే బాగుండు, పోట్లాడవచ్చు. ఎవరూ లేరు. రుమాలు తలకే ఉంది, విప్పడం మర్చిపోయాను. అది ఉండగా ఆ గేటు దాటి పొట్లం అడగడం ఎందుకో కుదరలేదు. రుమాలు విప్పితే సరిపోయేది. విప్పలేదు.

అలా మేలుకుని ఉన్నందువల్లే తెల్లారకముందు కిందికి దిగాను. రోజూ గోదావరి నుంచి నీళ్లు తెస్తారని, ఆ పని చేసే ఆయన్ని గాగరియా సింగ్ అంటారని సర్దార్‌జీ చెప్పాడు. గురువును దహనం చేసిన చోటును ఆ నీళ్లతోనే కడుగుతారు. చలి గట్టిగా ఉంది. చీకట్లోంచి బిందెతో ఒక మనిషి వచ్చాడు. మొహం సరిగా కనబడలేదు. నడక మాత్రం కనబడింది: నీళ్లు ఒలకకుండా, తొందర లేకుండా, పక్కలకు చూడకుండా. నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన దాటిపోయాక రాతినేల మీద రెండు చుక్కలు తడి ఉంది. వానాకాలం నది పొంగినా ఈ నీళ్లు తేవాల్సిందేనా అని అడగాలనిపించి, ఆయన వెళ్లిన వైపు చూసి ఊరుకున్నాను. మూడేళ్లలో ప్రశ్న వేయకుండా ఊరుకోవడం బహుశా అదే మొదలు.

లోపల గ్రంథం తెరిచి హుకుంనామా చదివారు. ఆ రోజు ఏ పుట తెరుచుకుంటే అదే ఆ రోజు ఆజ్ఞ. పద్నాలుగు వందల ముప్పై పుటల్లో మాకు ఏది వచ్చిందో, గురుముఖి లిపి రాక, నాకు అందలేదు. అత్తమ్మకూ అందలేదు. అయినా తల వంచి విన్నది. బయటికొచ్చాక, అందులో మన నామదేవుని పదాలు కూడా ఉంటయి తెలుసా, ఆయనది ఇటు హింగోలి దిక్కు నర్సి అని సొంత బంధువు గురించి చెప్పినట్టు చెప్పింది.

స్టేషన్‌కు ఆలస్యమవుతోందని ఆటోలో వచ్చేశాం. టీ కొట్టు దాటాక గుర్తొచ్చింది. ఆటో ఆపమనలేదు. ఇది పెద్ద గెలుపేం కాదు, రైలు తప్పుతుందన్న టెన్షన్ కూడా ఉంది.

ఉమ్రిలో బండి ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఒకతను పొట్లాల దండ మెడలో వేసుకుని కిటికీల వెంట నడుస్తున్నాడు. నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి పోయింది, చిల్లర కోసం. మెత్తగా గుడ్డ తగిలింది. కాషాయ రుమాలు. డబ్బాలో తిరిగి వెయ్యడం మర్చిపోయి మడిచి పెట్టుకున్నాను.

"అత్తమ్మా, ఇది వాళ్లకు ఇవ్వలేదే."

ఆమె కళ్లు తెరిచి చూసింది. "అయితే మళ్ల పోవాలె" అని, కిటికీ అద్దం దించి, ఇంటికి పోంగనే మిరపకాయలు ఎండకు వెయ్యాలని గుర్తు చేసి, మళ్లీ కళ్లు మూసుకుంది.