రెండున్నరకు మేలుకునే బిషప్ గారి దగ్గరికి

మొక్కు తీర్చుకుని వచ్చి వారం కూడా కాలేదు. జపమాల పట్టుకుంటే చాలు, సియోల్‌లోని ఆ నేలమాళిగ కళ్లముందుకొస్తోంది.

మా చిన్నోడికి సియోల్‌లోనే ఉద్యోగం. పోయినేడాది వాడి నడుముకి ఆపరేషన్ అయితే వీసా రాక నేను విజయవాడలోనే ఉండిపోయాను. డాక్టర్లు వచ్చేముందు, అక్కడ పొద్దున ఆరింటికి ఫోన్ చేసేవాడు. మనకి రాత్రి రెండున్నర. ఆ టెన్షన్‌లో నిద్రపట్టక పునీతుల చరిత్రలు చదువుతుంటే లోరాన్ ఇంబేర్ బిషప్ గారు కనబడ్డారు. 1796లో ఫ్రాన్సులో పుట్టి, చైనాలో ఏళ్ల తరబడి సేవచేసి, 1837 చివర్లో, అప్పట్లో క్రైస్తవం నిషేధమైన కొరియాలో రహస్యంగా అడుగుపెట్టారు. బయటికి వెళ్తే చావు మైలలో ఉన్నవాళ్ల బట్టలు, మొహం కనబడనివ్వని వెదురు టోపీ. రోజూ రెండున్నరకే లేస్తున్నానని ఉత్తరంలో రాసుకున్నారు. మూడింటికి ప్రార్థన, తర్వాత జ్ఞానస్నానాలు, పూజ. వచ్చినవాళ్లంతా తెల్లవారకముందే వెళ్లిపోవాలి.

నాకెందుకో ఆయన్నే అడగాలనిపించింది. "స్వామీ, నా బిడ్డ మీ ఊళ్లో ఉన్నాడు. వాణ్ణి నడిపించండి, మీ దగ్గరికొస్తాను."

వాడు నడిచాడు. సెప్టెంబర్లో వెళ్లాను.

ముందు సేనమ్‌తో అనే చోటికి. ఒకటే వాన, దారి తప్పాం, నా మోకాళ్లు మొరాయించాయి. 1839 సెప్టెంబర్ 21న హాన్ నది ఇసుకలో ఆయన తల తీసింది అక్కడే. తనకోసం విశ్వాసుల్ని హింసిస్తుంటే తానే వచ్చి లొంగిపోయారు. తనతోపాటు కొరియాలో సేవచేస్తున్న మోబాన్, శాస్తాన్ గురువుల్ని కూడా లొంగిపొమ్మని రాశారు. ఇంట్లో చదివినప్పుడు ఆ ముక్క నాకు మింగుడుపడలేదు. తల్లిని కదా. అక్కడ నిలబడ్డాక మాత్రం, ఆ నాలుగు ముక్కలు రాయడానికి ఆయన ఎంత నలిగిపోయారో అనిపించి ఏడుపు ఆగలేదు.

ఆయన అవశేషాలున్నది మ్యోంగ్‌డాంగ్ గుడిలో. చుట్టూ షాపులు, తోసుకునే జనం. గుడి మెట్ల మీద కూడా సెల్ఫీలే! పక్కనే ఒకామె కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆమెను దాటుకుంటూ ఫొటోలు. నాకు ఒళ్లు మండిపోయింది.

గుడి కింది నేలమాళిగలో తడిసిన కొంగు తలమీద నిలవక సర్దుకుంటుంటే, తెల్లటి లేసు ముసుగు వేసుకున్న పెద్దావిడ ఒకరు నన్నే చూస్తున్నారు. మావాడు నేర్పిన ఒక్క మాట అన్నాను: "జుగ్యో". అంటే బిషప్. ఆవిడ మొహం విప్పారింది. సంచిలోంచి ఇంకో ముసుగు తీసి, నా కొంగు కిందికి లాగి, జారకుండా తన పిన్నుతో గుచ్చి, తన చోటు నాకిచ్చి వెనక్కి జరిగారు.

ఎంతసేపు మోకరించానో తెలియదు. అడగడానికి ఏమీ గుర్తురాలేదు. పక్కన మావాడు గోడ పట్టుకోకుండా లేచాడు.

ముసుగు తిరిగివ్వబోతే ఆవిడ తీసుకోలేదు, నా చేతిలోనే మడిచిపెట్టారు. మొన్న ఆదివారం పూజకి అదే వేసుకెళ్లాను.