కలహారిలో ఆకలిని ఆపే మొక్క

కలహారి అనగానే ఎర్రటి ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి. దక్షిణాఫ్రికాలోని అపింగ్టన్ నుంచి ఉత్తరాన ఆండ్రీస్‌వేల్ వైపు వెళ్తుంటే అవి కనిపించాయి కూడా. నేను చూడాలనుకున్న హూడియా మొక్క మాత్రం ఎక్కువగా గులకరాళ్ళ నేలలో పెరుగుతుంది. సెప్టెంబరులో వెళ్ళాం కాబట్టి పూత మీదుంది. గాలి మావైపు తిరగ్గానే కుళ్ళిన మాంసం వాసన! ఆ వాసనకే ఈగలు చేరి పరాగాన్ని మోస్తాయి. లేత గులాబీ రంగులో సాసరంత వెడల్పు పువ్వులు, వరసలుగా ముళ్ళున్న లావుపాటి కాడలు. చూడ్డానికి బ్రహ్మజెముడులా ఉంటుంది గానీ ఇది మన జిల్లేడు కుటుంబపు మొక్క.

మాకు దారి చూపించినాయన అక్కడి ఆదివాసులైన సాన్ జాతి పెద్దమనిషి. ఆయన ఆఫ్రికాన్స్‌లో చెప్తుంటే మా డ్రైవరు ఇంగ్లీషులో చెప్పేవాడు. అడవి మొక్కను కోయడానికి అనుమతి కావాలి. అందుకని తన పెరట్లో పెంచుకున్న మొక్క నుంచి బొటనవేలంత ముక్క కోసి, ముళ్ళు చెక్కి ఇచ్చాడు. నీరు బాగా ఉంది, చేదు కూడా. వేటకు రోజుల తరబడి తిరిగేటప్పుడు వాళ్ళ పెద్దలు ఆకలీ దాహం తెలియకుండా ఇది నమిలేవాళ్ళట. నాకు ఆకలి తగ్గిందా అంటే, ఆ ఎండలో నాకు అప్పటికే ఆకలి లేదు.

ఈ జ్ఞానం వాళ్ళది. వాళ్ళని అడక్కుండానే దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ఈ మొక్కలోని ఆకలి తగ్గించే పదార్థం మీద 1995లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. తర్వాత ఆ హక్కులు బ్రిటిష్ కంపెనీ ఫైటోఫార్మ్‌కి, అక్కణ్ణుంచి ఫైజర్‌కి వెళ్ళాయి. సాన్ ప్రజలకు ఈ సంగతి 2001లో గానీ తెలియలేదు. వాళ్ళు పోరాడితే 2003లో ఒప్పందం కుదిరింది: సీఎస్ఐఆర్‌కి వచ్చే రాయల్టీలో 6 శాతం. మొత్తం అమ్మకాల్లో కాదు, ఆ సంస్థకు దక్కే వాటాలో! నాకు అది చదివినప్పుడు వచ్చిన కోపం అక్కడ వాళ్ళ ఇళ్ళు చూశాక ఇంకా పెరిగింది. ఒప్పందం కుదిరిన ఏడాదే ఫైజర్ తప్పుకుంది. తర్వాత వచ్చిన యూనిలీవర్ కూడా 2008లో వదిలేసింది.

సన్నబడటానికి హూడియా మాత్రలు తెమ్మని మా బంధువులావిడ ఫోన్ చేసింది. తేనని చెప్పేశాను. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో అధిక బరువున్న మహిళలకు 15 రోజులు దీని సారం ఇచ్చి చూశారు. తిండీ తగ్గలేదు, బరువూ తగ్గలేదు, పైగా బీపీ పెరిగింది. తిండి దొరకని దారిలో మనిషిని నడిపించడానికి వాడిన మొక్క ఇది. తిండి ఎక్కువైనవాళ్ళ సరుకుగా దాన్ని మార్చడం నాకు నచ్చదు.

మీ ఊళ్ళో కరువొస్తే ఏం తింటారని ఆ సాన్ పెద్దాయన అడిగాడు. మాది అనంతపురం, ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. కుందేటి కొమ్ములు అనే మొక్క గురించి చెప్పి, ఫోన్లో ఫోటో చూపించాను. అదీ జిల్లేడు కుటుంబానిదే. మా వైపు పచ్చిగానే తింటారు. ఫోటోను పెద్దది చేసి చూసి, "ముళ్ళు లేవే, మేకలు బతకనిస్తాయా?" అన్నాడు. బతకనివ్వవు. అందుకే అది మా గుట్టల్లో ముళ్ళకంపల మధ్య, రాళ్ళ సందుల్లో ఎక్కువగా కనిపిస్తుందని చెప్పాను.