ట్రైలరే చెప్పేసిన కథ

2015లో ‘టెర్మినేటర్ జెనిసిస్’ చూసి వస్తూ అన్నయ్య, నేను ఇల్లు చేరేదాకా మాట్లాడుకోలేదు. టెర్మినేటర్ సినిమాల్లో 1991 నాటి రెండో భాగాన్ని క్యాసెట్ అరిగిపోయేదాకా చూసినవాళ్లం మేము. అందులో ద్రవలోహపు మనిషి ఇనుప కడ్డీల్లోంచి దూరి వచ్చేస్తాడు, చేతిలోని తుపాకీ మాత్రం కడ్డీలకు తట్టుకుని ఆగిపోతుంది. ఆ ఒక్క చమత్కారానికి ఇప్పటికీ దండం పెడతాను.

ఈ ‘జెనిసిస్’లో యంత్రాల నుంచి మానవజాతిని కాపాడాల్సిన జాన్ కానర్‌నే యంత్రంగా మార్చారు. కథకు ప్రాణమైన మలుపు అదే. దాన్ని ట్రైలర్‌లోనే చూపించేశారు! పొడుపుకథ వేసి, మనం ఆలోచించేలోపే విడుపు కూడా తామే చెప్పేసినట్టు.

యంత్రమనిషి వేషంలోని ముసలి అర్నాల్డ్ కుర్ర అర్నాల్డ్‌తో తలపడే ఘట్టం బాగుంది, అబద్ధమెందుకు. ఆ తర్వాత 1984 నుంచి 2017కు ఒక్క దూకు. ఏ కాలం చెల్లుతుందో, ఏది చెల్లదో లెక్క తేలదు. జాన్ తల్లి సారాను ఆమె చిన్నతనంలో కాపాడటానికి ఆ ముసలి యంత్రాన్ని పంపినదెవరు? తర్వాతి భాగంలో చెబుతారులే అనుకున్నాం. ఆ భాగం రానే లేదు. 2019లో వచ్చిన సినిమా, దీన్ని అసలు జరగనట్టే పక్కన పెట్టేసింది.

ఆ సినిమాలో అన్నయ్యకు నచ్చింది అదొక్కటే.