ఆర్‌ఏసీ బెర్తు మీద కోల్‌కతాకు

విజయనగరంలో హౌరా బండి ఎక్కాను. టికెట్ ఆర్‌ఏసీ. అంటే సైడ్ లోయర్‌లో సగం నాది, మిగతా సగం పలాసలో ఎక్కిన ఒక జీడిపప్పు వ్యాపారిది. ఎవరి కాళ్ళు ఎటు పెట్టాలో తేలేసరికి బరంపురం దాటింది.

"కలకత్తాలో ఏటి పనండి మాస్టారూ?" అన్నాడు.

కచ్చితంగా తెలియని వివరాలతో లెక్కలు ఎలా చెయ్యాలో మాట్లాడుకునే సదస్సు అన్నాను.

"అయితే ముందు మన బెర్తు లెక్క తేల్చండి బాబూ!"

అది నా పేపరులో ఉన్న సంగతే. వెయిటింగ్ లిస్టు టికెట్ కన్ఫర్మ్ అవుతుందా లేదా అన్నది సంభావ్యత. చార్టు పడితే ఆ టెన్షన్ తీరిపోతుంది. ఆర్‌ఏసీలో చార్టు పడ్డాక కూడా బెర్తు నాదనలేను, కాదనలేను. 1965లో లోట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త చెప్పిన ఫజ్జీ సెట్లలో, అంటే హద్దులు గీయలేని సమూహాల్లో, ఒకదాని సభ్యత్వం ఇలాగే 0కీ (అసలు లేదు) 1కీ (పూర్తిగా ఉంది) మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఈ తేడా క్లాసులో చెప్పడానికి నాకు గంట పడుతుంది.

మొదటి రోజు ఉదయం దీపారాధనకీ శాలువాలకీ సరిపోయింది. మధ్యాహ్నం నా ఉదాహరణ చెప్పగానే ఒక పెద్దాయన లేచి, "దారిలో టీటీఈ వచ్చి మీకు పూర్తి బెర్తు ఇస్తే?" అన్నారు. తెల్లమొహం వేశాను. నిజమే, ఆర్‌ఏసీలో సంభావ్యతా ఫజ్జీ రెండూ కలిసే ఉన్నాయి.

మర్నాడు రఫ్ సెట్ల మీద చర్చ నాకు బాగా నచ్చింది. 1982లో పోలండ్‌కి చెందిన పావ్లక్ వీటిని ప్రవేశపెట్టారు. ఇద్దరు రోగులకి ఒకే జ్వరం, ఒకే నొప్పులు. ఒకరికి డెంగీ ఉంది, ఇంకొకరికి లేదు. మన దగ్గరున్న వివరాలతో వాళ్ళని విడదీయలేం కాబట్టి ఇద్దరినీ ఉందనీ లేదనీ తేల్చకుండా సరిహద్దులో ఉంచుతారు. సగమనో పావనో అంకె వెయ్యరు. తెలియదని ఒప్పుకునే గణితం!

మూడో రోజు ఒక రీసెర్చ్ స్టూడెంట్‌ని వెంటబెట్టుకుని బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1941లో చేరిన సంస్థ ఇది. నిష్పాక్షికమైన అంచనా (సగటున అసలు విలువనే ఇచ్చేది) ఎంత తెలివిగా వేసినా దాని విస్తృతి, అంటే అది అటూ ఇటూ చెదిరే కొలత, ఒక హద్దు కంటే తగ్గదని 1945లో ఆయన చూపించారు. అప్పుడాయనకి పాతికేళ్ళు. ఆయన కూర్చున్న గది చూద్దామనుకున్నాను గానీ, ఆ రోజుల్లో సంస్థ ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండేదని తర్వాత గుర్తొచ్చింది.

అక్కడి మ్యూజియంలో ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన డైనోసార్ ఉంది, బారాపాసారస్ టాగోరై. సుమారు 300 ఎముకలు దొరికాయి, అవి కనీసం ఆరు జంతువులవి. పుర్రె దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రం దొరికాయి.

"ఏ ఎముక ఏ జంతువుదో ఎలా చెప్తారు సార్? ఇది ఫజ్జీనా, రఫ్ సెట్టా?" అన్నాడు కుర్రాడు.

నేను సరిహద్దు అన్నాను. అతను సంభావ్యత అన్నాడు. మా వాదన తెగకముందే కాపలాదారు తాళాలు గలగలలాడించాడు.